ఒక్క కంచం

మీరంతా బావమరిదే చంపినాడంటారు.
పల్పు ఫ్యాక్టరీలో మా బెల్టు దగ్గిర
పద్దెనిమిది మంది ఆడోళ్ళం,
పదిహేడు ఓట్లు బావమరిదికే.
వాడి మీసం అట్లుంది పాపం.

నేనొక్కదాన్నే కాదంటా ఉండా.

తోతాపురి కాయనే చూడండి.
పచ్చగా నవనవలాడతా వస్తాది బెల్టు మీద.
తొడిమ కాడ బొటనవేలు పెట్టి నొక్కితే
అప్పుడు తెలుస్తాది
లోపల ఎన్నాళ్ళనించి కుళ్ళుతా ఉందో.
పదకొండు సీజన్లు నొక్కిన వేలు ఇది.
సీరియల్నీ తొడిమ కాడే నొక్కినా.

మొదటి ఎపిసోడు గుర్తు తెచ్చుకోండి.
రాత్రి. వాన.
రాఘవరావు కారు ఇంకా రాలేదు.
ఫోను మోగలేదు, పోలీసులు రాలేదు,
ఆ ఇంటి కుక్క గూడా మొరగలేదు.
వైదేహి వంటింట్లోంచి వచ్చి
బల్ల మీద కంచం పెట్టింది.
ఒక్క కంచం.

మీరంతా కిటికీలో నీడని చూస్తా ఉండారు అప్పుడు.
నేను కంచాన్ని చూసినా.

"డైరెక్టరు మర్చిపోయినాడులే చెంగమ్మక్కా"
అంటాది ధనభాగ్యం.
గాజుల రంగు మారితే మర్చిపోయినాడనుకో.
డాక్టరు తలకి కట్టు ఎడమనించి కుడికి పోతే
మర్చిపోయినాడనుకో
(పోయింది, నలభయ్యో ఎపిసోడులో, చూపించింది నేనే).
కంచం అట్లా కాదు మే.
చెయ్యి తనంతట తాను లెక్కబెట్టే లెక్క అది.

"అయితే పెండ్లామే చంపిందంటావా?"
కాదు. చంపినదైతే రెండు పెట్టుండును.
తప్పు చేసినోళ్ళు లెక్క తప్పరు,
నీళ్ళ గ్లాసు గూడా రెండోది పెడతారు.
ఒక్కటే పెట్టిందంటే
ఆయప్ప చెప్పేసి పోయినాడు.
బతికే ఉండాడు, యాడో, ఇంకో పేరుతో,
గడ్డం పెంచుకోని.

మరి ఆ కారులో కాలిపోయింది ఎవురు?
అది నాకింగా తేలలా.
మిల్లు వాచ్‌మన్ మీద అనుమానం.
ఆరో ఎపిసోడు తర్వాత కనపడలేదు వాడు.
జీతమియ్యలేదేమోలే అంటారు మీరు.
కావచ్చు.

సూపర్‌వైజర్ గురవయ్య వాచీ చూసుకుంటా అన్నాడు:
"ఇంత గోలెందుకు?
అందర్నీ బస్సెక్కించి కాణిపాకం తీస్కపోయి
తానం చేయించి సామి ముందర ప్రమాణం చెయ్యమంటే
ఒక్క ఎపిసోడుకే అయిపోతాది గదా!"
నవ్వినాం.
నవ్వుతా ఉంటే మూడు కుళ్ళు కాయలు దాటిపోయినాయి.

సద్ది కాడ జైబూన్ మాత్రం
సంగటి ముద్ద అట్లే పట్టుకోని మెల్లిగా అడిగింది:
"కంచం సంగతి అంత గట్టిగా ఎట్ల తెలుసక్కా నీకు?"

ఊరిబిండి కారంగా ఉందన్నా.
నీళ్ళు తాగినా.

మా ఆయన కాయల లారీ ఎక్కి
క్రిష్ణగిరి పోయినాడు ఒక మంగళారం.
శుక్రారానికి వచ్చేస్తానన్నాడు.
చొక్కా గూడా రెండోది తీస్కపోలా.
ఎనిమిది నెల్లు
రెండు కంచాలు పెట్టినా జైబూన్.
రెండోది కడగతానే ఉన్నా,
తినకపోయినా దుమ్ము పడతాది గదా.
చెప్పి పోయుంటే
మొదటి రాత్రే ఒకటి పెట్టుండేదాన్ని.

ఈ శుక్రారం ఆఖరి ఎపిసోడంట.
మా కాయల సీజనూ ఆ వారంతోనే సరి.
మనిషికి పది రూపాయలు పందెం,
ధనభాగ్యం కొంగులో ముడేసి పెట్టింది.
బావమరిదే అని తేలితే
నా పదీ తీసుకోండి, ఏడవను.

కానీ ఆ కథ రాసినోడు ఎప్పుడన్నా
చిత్తూరు దిక్కు వస్తే
నాకొక్క మాట చెప్పి పంపించండి.
వాణ్ణి హంతకుడెవురని అడగను.
ఆ కంచం నువ్వు రాసినావా నాయనా,
లేకపోతే ఆ వేషం కట్టిన పిల్ల
తనంతట తానే
ఒకటి పెట్టిందా?